గ్రేట్ ఆర్మండ్ వీధిలో ఇంగ్లిష్ క్లాసు

లండన్‌లో రస్సెల్ స్క్వేర్ స్టేషన్‌లో రైలు దిగి, బ్రన్స్‌విక్ సెంటర్ పక్కనుంచి నడిస్తే కాసేపట్లోనే గ్రేట్ ఆర్మండ్ వీధి వస్తుంది. దారిలో కోరమ్స్ ఫీల్డ్స్ అనే ఆటస్థలం ఉంది. వెంట పిల్లలు లేని పెద్దవాళ్లను అందులోకి రానివ్వరు. ఒకప్పుడు ఆ నేలమీద దిక్కులేని శిశువుల ఆశ్రమం ఉండేది. చుట్టుపక్కలంతా రచయితల పేట. డౌటీ వీధిలో 48వ నంబరు ఇల్లు చార్లెస్ డికెన్స్ ‘ఆలివర్ ట్విస్ట్’ పూర్తి చేసిన ఇల్లు, ఇప్పుడు ఆయన మ్యూజియం. ఇంకొంచెం అవతల టావిస్టాక్ స్క్వేర్‌లో వర్జీనియా వుల్ఫ్ 1924 నుంచి 1939 దాకా కాపురం ఉంది. ఈ ఇళ్ల నడుమ, ఇరుకు వీధిలో, బ్రిటన్‌లోకెల్లా పేరున్న పిల్లల ఆస్పత్రి ఉంది. గుమ్మం దగ్గర 2000లో పెట్టిన పీటర్ పాన్ కంచు విగ్రహం కనిపిస్తుంది. మామూలు ఆస్పత్రుల్లో నయం కాని, అరుదైన జబ్బులున్న పిల్లలను దేశం నలుమూలల నుంచీ ఇక్కడికే పంపుతారు. కొందరు రెండు రోజుల్లో ఇంటికెళ్లిపోతారు. కొందరు నెలలు గడుపుతారు.

ఆ ఆస్పత్రి లోపల ఒక సర్కారు బడి ఉంది. క్యామ్డెన్ కౌన్సిల్ కింద నడిచే చిల్డ్రన్స్ హాస్పిటల్ స్కూల్ అది. దీనికే యూస్టన్ రోడ్డులోని యూనివర్సిటీ కాలేజ్ ఆస్పత్రిలో ఇంకో విభాగం ఉంది. అక్షరాలు దిద్దే పిల్లల నుంచి పెద్ద పరీక్షలకు కూర్చునే టీనేజీ వాళ్ల దాకా అందరూ విద్యార్థులే. సొంత ఊళ్లో బడి రిజిస్టర్లో పేరు అలాగే ఉంటుంది, ఇక్కడా చేరుతుంది. లెక్కలు, సైన్సు, బొమ్మలు అన్నీ చెబుతారు. నేను మాత్రం ఇంగ్లిష్ సాహిత్యం దగ్గరే ఆగుతాను. ఎందుకంటే ఈ ఆస్పత్రికీ ఆ సాహిత్యానికీ మధ్య పాత లెక్కలున్నాయి. నూట డెబ్బై ఏళ్లకు పైగా జబ్బుపడిన పిల్లవాడు ఇంగ్లిష్ పుస్తకాల్లో ఒక పాత్ర. చదివినవాళ్లు కన్నీళ్లు పెట్టుకుని చందాలిచ్చేందుకు పనికొచ్చిన పాత్ర. అదే పిల్లవాడు ఇప్పుడు ఇక్కడ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, అదే పుస్తకం తెరిచి, ‘ఈయన రాసింది నిజమేనా?’ అని అడుగుతున్నాడు. ఆ అడిగే హక్కు అతనికి ఇచ్చిన చోటుగానే ఈ బడిని చూస్తున్నాను.

ముందు ఆ పాత లెక్కలు చూద్దాం. గ్రేట్ ఆర్మండ్ వీధిలో ఆస్పత్రి మొదలైన 49వ నంబరు ఇల్లు పద్దెనిమిదో శతాబ్దంలో రిచర్డ్ మీడ్ అనే రాజవైద్యుడిది. ఆయన పుస్తకాల పిచ్చివాడు. పది వేలకు పైగా సంపుటాలు పోగేశాడు, వాటిని చూడడానికి పండితులు ఆ ఇంటికి వచ్చేవారు. 1754లో ఆయన పోయాక అదంతా వేలంలో చెదిరిపోయింది. వందేళ్లు గడిచాక డాక్టర్ చార్లెస్ వెస్ట్ అదే ఇంట్లో, 1852 ఫిబ్రవరి 14న, 10 మంచాలతో పిల్లల ఆస్పత్రి తెరిచాడు. పుస్తకాలు ఖాళీ చేసిన ఇంట్లోకి పిల్లలు వచ్చారు.

అప్పటికి లండన్‌లో పిల్లలకంటూ ఇన్‌పేషెంట్ ఆస్పత్రి లేదు. 1843లో తీసిన లెక్క ప్రకారం నగరంలోని ఆస్పత్రుల్లో ఉన్న దాదాపు 2,400 మంది రోగుల్లో పదేళ్లలోపు పిల్లలు 26 మందే. చనిపోయేవాళ్లలో మాత్రం పిల్లలు చాలామంది. పేదింటి బిడ్డకు జబ్బు చేస్తే ఇంట్లోనే, ఉన్న ఒక్క గదిలోనే బతకాలి, లేదా పోవాలి.

డికెన్స్ ఈ ఆస్పత్రికి మొదటి నుంచీ మిత్రుడు. తెరిచిన రెండు నెలలకే తన పత్రిక ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’లో హెన్రీ మోర్లీతో కలిసి దీని గురించి వ్యాసం రాశాడు. 1858 నాటికి ఆస్పత్రి దివాలా అంచుకు చేరింది. ఆ ఏడాది ఫిబ్రవరి 9న ఫ్రీమేసన్స్ హాల్లో చందాల విందు పెట్టారు. డికెన్స్ లేచి మాట్లాడాడు. ఎడిన్‌బరో మురికివాడలో తాను చూసిన ఒక పసివాణ్ణి వర్ణించాడు. కోడిగుడ్లు సర్దే చెక్కపెట్టెలో పడుకోబెట్టిన బిడ్డ, ఏడవను కూడా ఏడవక చూస్తూ ఉన్న బిడ్డ. ఆ రాత్రి మూడు వేల పౌండ్లకు పైగా పోగయ్యాయి. ఏప్రిల్ 15న సెయింట్ మార్టిన్స్ హాల్లో ‘ఎ క్రిస్మస్ కేరల్’ స్వయంగా చదివి ఆ డబ్బూ ఆస్పత్రికిచ్చాడు. పక్కింటిని కొన్నారు, మంచాలు 75కు పెరిగాయి. కథ చదివితే మంచాలు వచ్చిన ఆస్పత్రి ఇది. డబ్బు తీసుకుని వేదికల మీద చదవడం ఆయన మొదలుపెట్టింది కూడా ఆ తర్వాత రెండు వారాలకే.

ఇక్కడి ఇంగ్లిష్ క్లాసు ఎలా నడుస్తుందో తెలియకుండా ఆ కథ గురించి మాట్లాడలేం.

ఆస్పత్రి బడిలో టీచరు రోజు హాజరుపట్టీతో మొదలవదు, వార్డు నర్సుతో మొదలవుతుంది. రాత్రి ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరికి ఈరోజు స్కానింగు, ఎవరు ఆపరేషన్ కోసం పస్తున్నారు, ఎవరు తెల్లవార్లూ నిద్రపోలేదు, ఇవన్నీ కనుక్కున్నాకే పాఠాల వరస తేలుతుంది. నడవగలిగిన వాళ్లు సెలైన్ స్టాండు తోసుకుంటూ తరగతి గదికి వస్తారు. రాలేనివాళ్ల మంచం దగ్గరికి టీచరే వెళుతుంది. బోన్ మ్యారో మార్పిడి చేయించుకున్న బిడ్డ ఒంటరి గదిలో ఉంటాడు, అతని ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి సున్నా. ఆ గదిలోకి నలుగురు తిప్పిన పాత పుస్తకం తీసుకెళ్లకూడదు. కొత్త ప్రతి కావాలి, లేదా మందుతో తుడవడానికి వీలైన లామినేషన్ కాగితం, లేదంటే టాబ్లెట్. టీచరు మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఏప్రన్ కట్టుకుని లోపలికి వెళ్తుంది. అంచుల్లో నోట్సు రాసుకుని, ఆ రాసిన పుస్తకాన్ని స్నేహితుడికి ఇచ్చే మామూలు ఆనందం కూడా ఆ పిల్లలకు ఉండదు.

కుడిచేతికి సూది ఉంటే రాయడం కుదరదు. కీమో వల్ల నోరంతా పుండ్లయితే పైకి చదవడం కుదరదు. అప్పుడు టీచరు చదువుతుంది, విద్యార్థి వేలితో వాక్యం చూపిస్తాడు. డయాలిసిస్‌కు వచ్చే పిల్లలు వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా దాదాపు నాలుగు గంటలు మిషను పక్కన ఉండాలి. చాలా ఆస్పత్రి బడులు ఆ గంటలను పాఠాలకు వాడుకుంటాయి. మొదటి గంట బాగానే సాగుతుంది. చివరికొచ్చేసరికి బీపీ పడిపోయి తల తిరుగుతుంది, అందుకని కష్టమైనది ముందు, తేలికైనది తర్వాత. మధ్యలో పంపు కూత పెడుతుంది. డాక్టర్లు రౌండ్లకు వస్తారు. మాక్‌బెత్ కత్తి చేతపట్టి నిలబడ్డ చోట ఆపేసి, రక్తపరీక్షల ఫలితాలు వినాల్సి వస్తుంది. వాళ్లు వెళ్లాక మళ్లీ కత్తి.

ఇంకో చిక్కుంది, బయటివాళ్లకు ఇది తట్టదు. ఇంగ్లండ్‌లో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ పరీక్షకు దేశమంతా ఒకే పాఠ్యపుస్తకం లేదు. నాలుగు బోర్డులున్నాయి. ఒక్కో బోర్డు ఇచ్చిన జాబితాలోంచి ఒక్కో బడి తనకు నచ్చింది ఎంచుకుంటుంది. షేక్‌స్పియర్ నాటకం ఒకటి, పంతొమ్మిదో శతాబ్దపు నవల ఒకటి, 1914 తర్వాత వచ్చిన నాటకమో నవలో ఒకటి, కొన్ని కవితలు. కాబట్టి లీడ్స్ నుంచి వచ్చిన అమ్మాయి ‘మాక్‌బెత్’, ‘జెకిల్ అండ్ హైడ్’ చదువుతుంటే, పక్క మంచం మీది నార్విచ్ అబ్బాయి ‘రోమియో అండ్ జూలియట్’, ‘క్రిస్మస్ కేరల్’ చదువుతుంటాడు. వాళ్ల వాళ్ల బడి ఎక్కడ ఆపిందో అక్కడ అందుకోవాలి. ఏ పుస్తకం పేరు చెప్పినా వెంటనే ఏ పేజీ అని అడగగలిగిన టీచరే ఇక్కడ నెగ్గుకొస్తుంది. మామూలు బడిలో ఒక నవలను ఏడాది పొడుగునా నలుగురికీ కలిపి చెబుతారు. ఇక్కడ ఒక్కరికే, ముప్పావు గంటలో, రేపు ఇదే పిల్లవాడు మేలుకుని ఉంటాడో లేదో తెలియకుండా చెప్పాలి. అందుకని ప్రతి పాఠం ఆ పూటకు ఆ పూట పూర్తవ్వాలి. ఒక కవిత, ఒక సన్నివేశం, ఒక పేరా. ఈ విషయంలో సిలబస్ కొంత కలిసొచ్చింది. షేక్‌స్పియర్ విషాదాంతాల్లో ‘మాక్‌బెత్’ అన్నిటికన్నా చిన్నది. ‘కేరల్’, ‘జెకిల్’ రెండూ ఒక మధ్యాహ్నంలో చదివేయగలిగినంత చిన్న పుస్తకాలే.

ఆస్పత్రిలో పిల్లవాడు వద్దంటే మానేసే పనులు చాలా తక్కువ. సూది వద్దంటే కుదరదు, మాత్ర వద్దంటే కుదరదు, తెల్లవారుజామున బీపీ చూడొద్దంటే కుదరదు. టీచరును మాత్రం ‘ఈ పూట వద్దు’ అని పంపేయొచ్చు. ఆమె వెళ్లిపోతుంది, మధ్యాహ్నం మళ్లీ వస్తుంది. సాహిత్యం పాఠంలో ఆ ‘వద్దు’ ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది. రచయితను కూడా కాదనొచ్చు. కాకపోతే ఎందుకు కాదంటున్నావో పుస్తకంలోంచే చూపించాలి.

ఇప్పుడు ‘క్రిస్మస్ కేరల్’ తీద్దాం. 1843 డిసెంబరులో వచ్చింది, అంటే పైన చెప్పిన 26 మంది పిల్లల లెక్క తీసిన ఏడాదే. అందులో బాబ్ క్రాచిట్ అనే పేద గుమస్తా కొడుకు టైనీ టిమ్. చేతికర్ర, కాళ్లకు ఇనుప పట్టీలు. పిసినారి స్క్రూజ్ మనసు కరగడానికి కారణమయ్యే పాత్రల్లో ఇతనే ముఖ్యుడు. భవిష్యత్తు చూపించే భూతం టిమ్ చనిపోయిన ఇంటిని చూపిస్తుంది, స్క్రూజ్ మారిపోతాడు, టిమ్ బతుకుతాడు. పుస్తకం మొత్తం మీద ఆ పిల్లవాడు మాట్లాడేది అతి తక్కువ. చర్చిలో తనను చూసి జనం దేవుణ్ణి తలుచుకుంటే బాగుణ్ననిపించింది అని టిమ్ అన్నట్టు తండ్రి చెబుతాడు. ఆ మాట కూడా టిమ్ నోట మనం వినం.

మామూలు క్లాసులో ఇది దయ గురించిన పాఠం. వార్డులో ఇదే పేరా వేరే ప్రశ్నలు లేపుతుంది. నలుగురూ నన్ను చూసి మంచివాళ్లయిపోవాలని ఏ పిల్లవాడైనా నిజంగా అనుకుంటాడా? టిమ్‌కు ఎప్పుడూ విసుగు రాదా? కోపం రాదా? అన్నమీద అరవడా? స్క్రూజ్ మారకపోతే టిమ్ పోయేవాడు, అంటే పిల్లవాడి ప్రాణం ఒక ధనవంతుడి మనసు మీద ఆధారపడి ఉందా? ఈ చివరి ప్రశ్న పరీక్షల బోర్డు ఆశించే ప్రశ్నే, డికెన్స్ రాజకీయమంతా అక్కడే ఉంది. కానీ సూది గుచ్చిన చేయి పక్కన పెట్టుకుని ఆ ప్రశ్న దాకా వెళ్లిన విద్యార్థి దాన్ని నోట్సులోంచి తీసుకోలేదు. జబ్బు పిల్లలంటే ఎప్పుడూ ఓపిగ్గా, నవ్వుతూ ఉండాలన్న ఒత్తిడి వాళ్లకు బాగా తెలుసు. చూడడానికి వచ్చిన చుట్టాలందరూ ‘ఎంత ధైర్యవంతురాలో మా తల్లి’ అని వెళ్తారు. ధైర్యంగా లేని రోజున ఏం చేయాలో ఎవరూ చెప్పరు. టిమ్‌ను విమర్శించే వ్యాసం రాయడం ఆ రోజున పనికొస్తుంది.

టిమ్ జబ్బు పేరు డికెన్స్ చెప్పలేదు. డాక్టర్లు ఊరుకోలేదు. 1992లో డొనాల్డ్ లూయిస్ అనే అమెరికన్ పిల్లల వైద్యుడు ఒక వైద్యపత్రికలో వ్యాసం రాసి, అది మూత్రపిండాల లోపం వల్ల రక్తంలో ఆమ్లం పేరుకునే జబ్బు కావచ్చనీ, ఆ కాలపు మందులతోనే తగ్గి ఉండొచ్చనీ వాదించాడు. కిడ్నీ వార్డులో చదువుకునే పదిహేనేళ్ల పిల్లకు ఈ సంగతి చెబితే ఏమవుతుందో ఊహించండి. పుస్తకంలోని పిల్లవాడికి హఠాత్తుగా ఒక కేస్ షీటు వస్తుంది. టిమ్ బతికాడని చెప్పే మాట డికెన్స్ రాతప్రతిలో లేదు, అచ్చుకు వెళ్తున్నప్పుడు చేర్చాడు. ఇది కూడా పిల్లలకు చెప్పాల్సిన సంగతే. ఒక బిడ్డ బతకాలా పోవాలా అన్నది రచయిత బల్ల దగ్గర తీసుకున్న నిర్ణయం. ఎందుకు మార్చాడు, మార్చకపోతే కథ ఏమయ్యేది? రచనాశిల్పం గురించి దీనికన్నా సూటి పాఠం నాకు తెలియదు.

అందరు పిల్లలనూ డికెన్స్ అలా బతికించలేదు. 1864-65లో వచ్చిన ‘అవర్ మ్యూచువల్ ఫ్రెండ్’ నవలలో జానీ అనే అనాథ పసివాణ్ణి పిల్లల ఆస్పత్రిలో చేరుస్తారు. ఈ ఆస్పత్రిని మనసులో పెట్టుకునే ఆ అధ్యాయం రాశాడు. వరసగా చిన్న మంచాలు, మంచానికో బల్ల, బల్లమీద బొమ్మలు. జానీ తన బొమ్మలన్నీ కాలు విరిగిన పక్క మంచం పిల్లవాడికిచ్చేసి చనిపోతాడు. అందంగా రాసిన అధ్యాయం, పెద్దల కోసం రాసిన అధ్యాయం. ఈ గోడల మధ్య దాన్ని బల్లమీద పెట్టాలా వద్దా అన్నది ఏ ఇద్దరు టీచర్లూ ఒకేలా తేల్చరనుకుంటాను. నా మటుకు నేను, అడిగిన పిల్లలకు ఇవ్వాలంటాను, అడగని వాళ్లకు బలవంతంగా ఇవ్వొద్దంటాను. ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ 1911లో రాసిన ‘ది సీక్రెట్ గార్డెన్’ గురించి ఇంకా గట్టిగా చెబుతాను. అందులో కాలిన్ అనే పిల్లవాడు మంచం దిగి తోటలోకి వచ్చి, నమ్మకం పెట్టుకుని, నడిచేస్తాడు. వెన్నెముక దెబ్బతిని ఇక నడవలేనని తెలిసిన పిల్లకు ఆ పుస్తకం ఇచ్చేటప్పుడు, దానితో పోట్లాడే స్వేచ్ఛ కూడా కలిపి ఇవ్వాలి. లేకపోతే నమ్మకం చాలకే నడవలేకపోయిందన్న నింద ఆ పిల్ల మీద పడుతుంది.

జబ్బును లోపలి నుంచి రాసినవాళ్లు కూడా ఉన్నారు. ‘జెకిల్ అండ్ హైడ్’ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ చిన్నతనంలో చాలాకాలం ఊపిరితిత్తుల బాధతో మంచం మీదే గడిపాడు. 1885లో వచ్చిన ఆయన పిల్లల కవితల పుస్తకంలో, జబ్బుతో పడుకున్న పిల్లవాడు దుప్పటి ముడతలనే కొండలూ లోయలూ చేసుకుని బొమ్మ సైనికులను నడిపించే కవిత ఉంది. ఆ పుస్తకాన్ని రాత్రులు తన పక్కన మేలుకుని ఉన్న ఆయమ్మ ఆలిసన్ కనింగ్‌హామ్‌కు అంకితమిచ్చాడు. అందులోని పిల్లవాణ్ణి ఎవరూ జాలిగా చూడరు. అతను తన రాజ్యాన్ని ఏలుకుంటూ ఉంటాడు. ఇక వర్జీనియా వుల్ఫ్, ఇక్కడికి నడిచి వచ్చేంత దూరంలో ఉంటూ, 1926లో జబ్బు గురించి ఒక వ్యాసం ప్రకటించింది. ప్రేమ గురించీ యుద్ధం గురించీ ఇంత రాసిన సాహిత్యం ఒంటిని ఎందుకు వదిలేసిందని ఆమె ఫిర్యాదు. పై తరగతుల పిల్లలు ఆ ఫిర్యాదును సొంతం చేసుకోగలరు. నొప్పిని ఒకటి నుంచి పది లోపు అంకెలో చెప్పమని రోజూ అడిగించుకునే వాళ్లకు, ఆ అంకెలో పట్టనిది చాలా ఉందని తెలుసు.

‘మాక్‌బెత్’లో ఒక చిన్న పాత్ర మీద నాకు ఎప్పటి నుంచో ఆసక్తి. అయిదో అంకంలో నిద్రలో నడిచే లేడీ మాక్‌బెత్‌ను చాటుగా చూస్తూ, ఆమె మాటలు రాసుకునే డాక్టరు. పక్కన ఒక దాసి. ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకుంటారు. బయటి బడుల్లో ఈ సన్నివేశమంటే రక్తపు మరకలూ చేతులు కడుక్కోవడమే, డాక్టరును ఎవరూ పట్టించుకోరు. ఆస్పత్రిలో అర్ధరాత్రి తలుపు దగ్గర నిలబడి తన గురించి మెల్లగా మాట్లాడుకునే డాక్టరునూ నర్సునూ కళ్లు మూసుకుని విన్న పిల్లలకు ఆ సన్నివేశం వేరుగా తెరుచుకుంటుంది. రాసుకున్నది ఆయన ఎవరికి చూపిస్తాడు? ఆమెకు ఎందుకు చెప్పడు? తర్వాత మాక్‌బెత్ భార్యకు మందు ఇమ్మంటే, ఈ జబ్బుకు రోగే వైద్యుడు కావాలని తప్పుకుంటాడు. ఆ డాక్టరు పిరికివాడా, నిజాయితీపరుడా? దీనిమీద ముప్పావు గంట ఏమిటి, వారం వాదించుకోవచ్చు.

గుమ్మం దగ్గరి పీటర్ పాన్ దగ్గరకు వద్దాం. జె.ఎం. బారీ నాటకం 1904 డిసెంబరు 27న డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్‌లో మొదటిసారి ఆడింది. అందులో వెండీ అనే అమ్మాయి ఉండే డార్లింగ్ కుటుంబం ఇల్లు ఈ పేట బ్లూమ్స్‌బరీలోనే అని నాటకంలోనే ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన కొత్తలో బారీ కూడా ఈ పేటలోనే అద్దెకున్నాడు. 1929లో ఆస్పత్రి విస్తరణ కోసం ఒక కమిటీలో ఉండమని అడిగితే ఒప్పుకోలేదు. కొన్నాళ్లకు ‘పీటర్ పాన్’ హక్కులన్నీ ఆస్పత్రికి రాసిచ్చేశాడు. ఎంత డబ్బు వస్తుందో బయటపెట్టొద్దని కోరాడు, ఆస్పత్రి ఇప్పటికీ ఆ మాట నిలుపుకుంటోంది. 1937లో ఆయన పోయాడు, 1987తో కాపీరైటు గడువు తీరింది. అప్పుడు మాజీ ప్రధాని జేమ్స్ కలహన్ ప్రభువుల సభలో ఒక సవరణ తెచ్చాడు. 1988 కాపీరైటు చట్టంలో 301వ సెక్షనుగా అది చేరింది. బ్రిటన్‌లో ఈ నాటకం ఆడినా, అచ్చేసినా ఆస్పత్రికి రాయల్టీ రావాలి, గడువు లేకుండా. ఇంకే పుస్తకానికీ అక్కడి చట్టంలో ఇలాంటి ఏర్పాటు లేదు.

అలాంటి పుస్తకాన్ని ఇక్కడ పాఠంగా చెప్పడం తేలిక కాదు. ఎదగనని మొండికేసిన పిల్లవాడి కథ అది. బారీకి ఆరేళ్లప్పుడు అన్న డేవిడ్, పద్నాలుగు నిండకుండానే, మంచు మీద జారుతూ పడి చనిపోయాడు. ఆ అన్న తల్లి మనసులో ఎప్పటికీ పిల్లవాడిగానే ఉండిపోయాడని బారీ తల్లి గురించిన పుస్తకంలో రాశాడు. ఎదగని పిల్లవాడు ఎక్కడి నుంచి వచ్చాడో అది చదివితే తెలుస్తుంది. నాటకంలో పీటర్ మునిగిపోయే బండ మీద నిలబడి చావును సాహసయాత్రలా ఊహించుకునే చోటు ఉంది. ఎదగడమే తమ కోరికల్లో మొదటిదైన పిల్లలకు ఆ ఘట్టం ఎలా వినిపిస్తుంది? ఎగిరిపోయిన పీటర్ కన్నా, ఇంటికి తిరిగొచ్చి పెద్దదై తల్లి అయిన వెండీ పక్షం వహించే హక్కు వాళ్లకుంది. ఈ మాట అనడానికి కొంత జంకు ఉండొచ్చు, గుమ్మం దగ్గరి విగ్రహం బారీ పాత్రది, డబ్బు బారీది. అయినా దానం తీసుకున్నంత మాత్రాన పుస్తకాన్ని విమర్శించకూడదనే నియమం లేదు.

ఈ బడి ఉండడానికి చట్టం ఉంది. ఇంగ్లండ్‌లో 1996 విద్యాచట్టం 19వ సెక్షను ప్రకారం, జబ్బు వల్ల బడికి రాలేని పిల్లలకు తగిన చదువు ఏర్పాటు చేయడం స్థానిక ప్రభుత్వం బాధ్యత. పదిహేను రోజులు, ఆ పైన బడికి దూరమవుతారని తేలగానే కదలాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇదే వర్తిస్తుంది, వాళ్లూ రాసేది ఈ జీసీఎస్ఈలే. మన 2009 విద్యాహక్కు చట్టంలో ఆస్పత్రి మంచం దగ్గరికి టీచరును పంపే సెక్షను లేదు. 2012 సవరణ తీవ్ర వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గర చదువు ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసీమియా, సికిల్ సెల్, హీమోఫీలియాలను జాబితాలో చేర్చింది. కొన్ని రక్త కాన్సర్లకు చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. పాడేరు నుంచో ఆసిఫాబాద్ నుంచో పెద్ద ఆస్పత్రికి వచ్చి, ఆ ఏళ్లన్నీ వార్డుకూ అద్దెగదికీ మధ్య గడిపే పిల్లవాడి పాఠాల సంగతి ఎవరిదో ఆ చట్టాల్లో వెతికితే దొరకదు. దయగల మనుషులు బొమ్మలూ రంగు పెన్సిళ్లూ పంచుతారు, అందుకు దణ్ణం పెట్టాలి. కానీ తొమ్మిదో తరగతి పిల్లకు రంగు పెన్సిళ్లు కాదు, తొమ్మిదో తరగతి పాఠం కావాలి.

ఆస్పత్రి బడిలో ఒక ప్రశ్న తప్పదు. పరీక్ష దాకా ఉండడని తెలిసిన పిల్లవాడికి ‘మాక్‌బెత్’ ఎందుకు? అడిగేవాళ్లు మంచి మనసుతోనే అడుగుతారు. నా సమాధానం కొంచెం కరకుగా ఉంటుంది. అతను వ్యాసం రాసిస్తే దిద్దాలి. వాదన తేలిపోయిన చోట ఎర్రగీత పెట్టాలి, మార్కు తగ్గించాలి, మళ్లీ రాయమనాలి. చుట్టూ ఉన్నవాళ్లంతా అతను ఏం చెప్పినా బాగుందంటున్నారు. తన మాటను తప్పుపట్టేంత లెక్కగా చదివే మనిషి ఒక్కరైనా అతనికి ఉండాలి.

పరీక్ష రాసేవాళ్ల కష్టాలు వేరు. 2015లో మొదలైన కొత్త సిలబస్ నుంచి పుస్తకం దగ్గర పెట్టుకుని రాయడం కుదరదు. నాటకాల్లోంచి, కవితల్లోంచి పంక్తులు గుర్తుంచుకుని రాయాలి. కీమో, తలకు రేడియేషన్ జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తాయి. చదివింది అర్థం కాక కాదు, పంక్తి నోటికి రాక మార్కు పోతుంది. ఆ నియమం ఈ పిల్లలకు అన్యాయం చేస్తోందని నా గట్టి నమ్మకం. టీచర్లు తమకు చేతనైన దారి వెతుక్కుంటారు. పొడవైన పంక్తులు వదిలేసి, ఎన్ని ప్రశ్నలకైనా పనికొచ్చే రెండు మూడు మాటల తునకలు ఎంచి, వాటిచుట్టూ వాదన కట్టడం నేర్పుతారు.

పరీక్ష వార్డులోనే పెట్టొచ్చు. ఇన్విజిలేటర్ మంచం పక్కన కూర్చుంటారు. అవసరాన్ని బట్టి పావు వంతు అదనపు సమయం, మధ్యలో విరామాలు, స్క్రైబ్ ఇస్తారు. స్క్రైబ్ మన పదో తరగతి పరీక్షల్లోనూ ఉన్నాడు. జీసీఎస్ఈలో మాత్రం ఒక తిరకాసుంది, స్పెల్లింగుకూ విరామచిహ్నాలకూ ఉన్న మార్కులు రావాలంటే అవి విద్యార్థే చెప్పి రాయించుకోవాలి. ఆ నాలుగు బోర్డుల్లో ఒకటైన ఏక్యూఏలో మొదటి పేపరు గంటా ముప్పావు, 64 మార్కులు. రెండోది రెండుంపావు గంటలు, 96 మార్కులు. మొదటిది రాసి రెండో రోజుకు జ్వరం ముంచుకొస్తే, మొత్తం పరీక్షలో కనీసం పావు వంతు రాసి ఉన్నందున, రాసినదాన్ని బట్టి గ్రేడు లెక్కకడతారు. పరీక్ష సమయంలో ఎదుర్కొన్న కష్టానికి కలిపే మార్కులు మహా అయితే 5 శాతం, అదీ అతి తీవ్రమైన సందర్భాల్లో.

ఆ కలపడం ఎగ్జామినర్ పని కాదు. ఆ పని చివర్లో బోర్డు చూసుకుంటుంది. ఎగ్జామినర్ ముందుకు స్కాన్ చేసిన జవాబుల పేజీలు మాత్రమే వస్తాయి. స్క్రూజ్ మారడానికి టిమ్ చాలడనీ, క్రాచిట్‌కు జీతం పెరగడమే ముఖ్యమనీ విద్యార్థి రాసి ఉంటే, దానికి పుస్తకంలోంచి ఆధారం చూపించాడా లేదా అని చూసి మార్కు వేస్తాడు.